10 అంగుళాల ట్రస్ టెలిస్కోపు: నిర్మాణ డైరీ

అద్దం కొలత

254 మి.మీ. వ్యాసం, అంచు దగ్గర 25 మి.మీ. మందం, బోరోసిలికేట్ గాజు. పాలిష్, అల్యూమినియం పూత రెండూ పూర్తయ్యాయి కాబట్టి ఈ డైరీలో గాజు అరగదీసే పని రాదు. చెక్క, గొట్టాలు, బోల్టుల పనే ఉంటుంది. ట్రస్ అంటే కింద పెద్ద అద్దం ఉండే పెట్టెనూ, పైన చిన్న అద్దాన్ని మోసే చట్రాన్నీ కలిపే పైపుల అల్లిక.

కాగితం మీద ఇది ఎఫ్/5 అద్దం, అంటే నాభ్యంతరం వ్యాసానికి అయిదు రెట్లు, 1270 మి.మీ. చేత్తో అరగదీసిన అద్దం సరిగ్గా ఆ అంకె మీద ఆగడం అరుదు. పది మిల్లీమీటర్లు అటూ ఇటూ రావడం మామూలే. పొట్టిగా కోసిన పైపు మళ్లీ పొడుగు కాదు కాబట్టి రంపం పట్టకముందే అసలు నాభ్యంతరం తేల్చుకోవాలి. పద్ధతి తేలికే. చీకటి గదిలో అద్దాన్ని నిలువుగా ఆనించి, ఎదురుగా ఒక చిన్న ఎల్ఈడీ, దాని పక్కనే అదే తలంలో తెల్ల అట్టముక్క పెట్టాలి. రెండింటినీ కలిపి ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఒకచోట ఎల్ఈడీ బింబం అట్ట మీద గీతగీసినట్టు తేటగా పడుతుంది. అక్కడి నుంచి అద్దం మధ్యకు దూరం వక్రతా వ్యాసార్థం. మాకు 2524 మి.మీ. వచ్చింది. సగం 1262. ఇక అన్ని లెక్కలకూ ఇదే మూలం.

సూర్యబింబం పట్టి కొలిచే పద్ధతి మాత్రం వద్దు. ఈ వైశాల్యానికి నడినెత్తి ఎండలో 50 వాట్ల దాకా శక్తి 12 మి.మీ. చుక్కలోకి చేరుతుంది. కాగితం అంటుకుంటుంది, కన్ను అయితే చెప్పనక్కర్లేదు.

లెక్కలు

మొదట తేల్చాల్సింది సెకండరీ అద్దం (కాంతిని పక్కకు మళ్లించే చిన్న వాలు అద్దం) మధ్య నుంచి ఫోకస్ తలం దాకా దూరం. ఐపీస్‌ను, అంటే కంటి కటకాన్ని, పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపేది ఫోకసర్. పై చట్రం అక్షం నుంచి ఫోకసర్ పలక బయటి ముఖానికి 150 మి.మీ. పూర్తిగా లోపలికి తిప్పిన ఫోకసర్ ఎత్తు 45. కొన్ని ఐపీసులకు ఇంకా లోపలికి వెళ్లాల్సి వస్తుంది కాబట్టి అందుకోసం 15. మొత్తం 210. అంటే పెద్ద అద్దం ముఖం నుంచి సెకండరీ మధ్యకు 1262 − 210 = 1052 మి.మీ.

సెకండరీ దగ్గర కాంతి శంకువు వ్యాసం 210 × 254 ÷ 1262, అంటే 42.3 మి.మీ. సరిగ్గా అంతే పెడితే నిండు వెలుగు మధ్య బిందువుకే అందుతుంది. 54 మి.మీ. చిన్న అక్షం ఉన్నది ఎంచుకుంటే ఫోకస్ తలంలో 14 మి.మీ. వలయం నిండుగా వెలుగుతుంది. నిండు చంద్రుడి బింబం అక్కడ దాదాపు 11.5 మి.మీ. ఉంటుంది, హాయిగా ఇముడుతుంది. కాంతికి సెకండరీ పెట్టే అడ్డు వ్యాసంలో 21 శాతం. 63 మి.మీ. తీసుకుంటే వెలుగు వలయం 25 మి.మీ. అవుతుంది కానీ అడ్డు కూడా దాదాపు 25 శాతానికి ఎక్కి, గురుడి మీది సన్నని పట్టీల తేడా పలచబడుతుంది. ఫొటోలు కాక కంటితో చూడడానికే అయితే 54 చాలు.

కాంతి శంకువు వాలు తలాన్ని తాకుతుంది కాబట్టి సెకండరీని ఫోకసర్‌కు దూరంగానూ, పెద్ద అద్దం వైపుగానూ కొద్దిగా జరపాలి. చిన్న అక్షాన్ని ఎఫ్ సంఖ్యకు నాలుగు రెట్లతో భాగిస్తే 54 ÷ 20 = 2.7 మి.మీ. రెండు దిశల్లోనూ అంతే.

పెద్ద అద్దం పెట్టె ఎత్తు 250 మి.మీ., లోపలి కొలత 320 × 320. అద్దం ముఖం పెట్టె అడుగు నుంచి 80 మి.మీ. ఎత్తున. పై చట్రం కింది వలయం సెకండరీ మధ్యకు 110 మి.మీ. కింద. పెట్టె పైఅంచు నుంచి ఆ వలయం దాకా నిలువు ఖాళీ 772 మి.మీ. పైపులు దాటాల్సింది అదే.

బరువుల పట్టిక

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన పుట ఇదే. డిజైన్‌లో ఏ నిర్ణయం తీసుకున్నా చివరికి ఇక్కడికే వచ్చి తేలుతుంది.

పెద్ద అద్దం 2.64 కిలోలు, దాని పీఠం 1.5, 18 మి.మీ. ప్లైవుడ్ పెట్టె 4.26, ఎనిమిది పైపులు బిగింపులతో కలిపి 2.0, ఐపీస్‌తో సహా పై చట్రం 1.8, టెలిస్కోపును పైకీ కిందికీ తిప్పే రెండు ‘ఎత్తు’ బేరింగులు 1.8. మొత్తం 14 కిలోలు. ఒక్కోదాని బరువును పెట్టె అడుగు నుంచి దాని ఎత్తుతో గుణించి, కలిపి, 14తో భాగిస్తే గురుత్వ కేంద్రం 317 మి.మీ. ఎత్తున పడింది. పెట్టె పైఅంచు కంటే 67 మి.మీ. పైన. బేరింగుల కేంద్రం సరిగ్గా అక్కడే ఉండాలి.

పై చట్రం ఆ కేంద్రానికి 80 సెం.మీ. ఎగువన ఉంది. కింద బరువు తగిలించగలిగే చోటు 29 సెం.మీ. దిగువన. కాబట్టి పైన ఒక 100 గ్రాముల వస్తువు చేరిస్తే, దాన్ని తూచడానికి కింద 280 గ్రాములు కావాలి. పైన గురి చూడడానికి ఆప్టికల్ ఫైండర్ (చిన్న దుర్భిణి) బదులు తేలికైన రెడ్‌డాట్ పెడితే 300 గ్రాములు తగ్గాయనుకుందాం, కింద 840 గ్రాముల ఇనుము తప్పుతుంది. మార్కెట్లో దొరికే బరువైన రెండంగుళాల ఫోకసర్ చూసి ముచ్చటపడేముందు ఈ గుణకారం చేసుకోవాలి. పై చట్రం తూకం పెట్టకుండా ముందుగా బేరింగులు కోసేసిన టెలిస్కోపులకే తర్వాత అడుగున డంబెల్ పలకలు వేలాడుతుంటాయి.

పెద్ద అద్దం పీఠం

ఈ వ్యాసానికి 25 మి.మీ. గాజు పలచనిదే. మూడు బిందువుల మీద నిలబెడితే వాటి మధ్య గాజు కుంగుతుంది. కుంగేది మైక్రాన్లో చిన్న భాగమే, కానీ అద్దం ఆకారాన్ని మోసేదీ ఆ కొలతే: గోళాకారానికీ పారాబొలాకూ మధ్య ఈ అద్దంలో తేడా అర మైక్రాను. అందుకే తొమ్మిది బిందువుల పీఠం.

సమాన వైశాల్యాల పాత లెక్క ప్రకారం లోపలి మూడు బిందువులు 52 మి.మీ. వ్యాసార్థంలో, బయటి ఆరు 104 మి.మీ. వ్యాసార్థంలో. ప్లాప్ అనే ఉచిత ప్రోగ్రాముకు గాజు మందం, సెకండరీ వ్యాసం ఇస్తే ఇంకాస్త మెరుగైన స్థానాలు ఇస్తుంది. అద్దం మందం మారినవాళ్లు అదే వాడాలి. ఒక లోపలి బిందువు, రెండు బయటి బిందువులు కలిసి ఒక త్రిభుజం. 3 మి.మీ. అల్యూమినియం రేకులో కోశాం: భూమి 104, ఎత్తు 38. ఇరుసు భూమి నుంచి 12.7 మి.మీ. లోపల. అంటే అద్దం కేంద్రం నుంచి 77 మి.మీ. ఆ ఇరుసు స్థానంలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా మూడు బిందువుల మీద బరువు సమానంగా పడదు, కాబట్టి బెజ్జం పెట్టేముందు సెంటర్ పంచ్ తప్పదు. త్రిభుజాల మీద ఫెల్ట్ బిళ్లలు అంటించాం. సిలికాన్ జిగురుతో అద్దాన్ని నేరుగా అతికించే పద్ధతి తేలిక, కానీ జిగురు గట్టిపడేటప్పుడు గాజును లాగుతుంది. నక్షత్రం గుండ్రంగా కాక కోలగా కనిపించే రోగానికి అది ఒక మూలం.

ప్రతి త్రిభుజం కింద ఒక ఎం8 బోల్టు. ఫ్రేము 25 మి.మీ. చదరపు ఇనుప గొట్టం, వెల్డింగ్ చేయించి, వంకర పోయిందేమో గాజు పలక మీద పెట్టి చూశాం. ఎం8 మరకు ఒక చుట్టుకు 1.25 మి.మీ. ఎక్కుతుంది. లెక్క వేస్తే ఒక్క చుట్టుకు ఫోకస్ తలంలో బింబం 27 మి.మీ. జరుగుతుంది. ఎఫ్/5 అద్దానికి తోకచుక్కలా సాగని శుభ్రమైన వలయం వ్యాసం 2.7 మి.మీ. మాత్రమే. అంటే బోల్టు పదో వంతు చుట్టు తిరిగితేనే ఆ వలయం వ్యాసమంత జరుగుతుంది. వింగ్ నట్లు కాకుండా 50 మి.మీ. వ్యాసం గుబ్బలు పెట్టడానికి కారణం ఇదే: చేతికి సూక్ష్మమైన తిప్పు దొరకాలి. బోల్టు మధ్యలో గట్టి స్ప్రింగు. చేత్తో సులువుగా నొక్కగలిగే స్ప్రింగు పనికిరాదు, బండి కుదుపులకే సర్దుబాటు పోతుంది.

అంచు ఆసరా రెండు చోట్ల, కింది వైపు 90 డిగ్రీల ఎడంగా. చిన్న బాల్ బేరింగులు వాడాం, అద్దం పైకీ కిందికీ జరిగేటప్పుడు పట్టేయకుండా. అవి తాకాల్సిన ఎత్తు అద్దం బరువు కేంద్రం ఉన్న తలం. ముఖం పుటాకారం కాబట్టి అది సగం మందంలో ఉండదు, వెనుక నుంచి 11.7 మి.మీ. దగ్గర ఉంటుంది. ముందు వైపు పడిపోకుండా పెట్టిన మూడు కొక్కేలు గాజును తాకకూడదు. మధ్యలో ఒక పోస్టుకార్డు దూరాలి.

పెట్టె, పై చట్రం

ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 18 మి.మీ. ఒక 8 × 4 అడుగుల షీటులో పెట్టె, దాన్ని మోసే రాకర్, నేల పలక, బేరింగులు అన్నీ వచ్చేస్తాయి. మూలలు ఫెవికాల్, స్క్రూలతోనే. ముందుగా సన్న బెజ్జం వేయకుండా ప్లై అంచులోకి స్క్రూ ఎక్కిస్తే పొరలు విచ్చుకుంటాయి. పెట్టె మూలలు మూలమట్టంతో చూస్తే చాలదు, రెండు కర్ణాలూ కొలవాలి. అవి 1 మి.మీ. లోపు సరిపోతే పైపుల బ్లాకులు సమంగా కూర్చుంటాయి. అంచులకు మూడు కోట్ల పాలీయురిథేన్, లోపల బ్లాక్‌బోర్డు పెయింటు. వానాకాలం అంచుల్లోంచి తేమ పీల్చిన ప్లై ఉబ్బి బేరింగును బిగించేస్తుంది, కాబట్టి ఆ మూడు కోట్లలో పిసినారితనం వద్దు.

పై చట్రానికి 12 మి.మీ. ప్లైలో రెండు వలయాలు: బయట 320, లోపల 280. రూటరుకు ఒక చెక్క చేయి బిగించి, మధ్యలో మేకు మీద తిప్పి కోస్తే గుండ్రం దానంతటదే వస్తుంది. లోపలి వృత్తం ముందు కోస్తే మేకు కొట్టిన చోటు ఊడిపోతుంది. బయటిదే ముందు. ఒక్కో వలయం 150 గ్రాముల లోపే. వాటి మధ్య 19 మి.మీ. అల్యూమినియం గొట్టాలు నాలుగు, ఫోకసర్ కోసం 6 మి.మీ. ప్లై పలక.

సెకండరీని మధ్యలో పట్టి ఉంచే స్పైడర్ రెక్కలు 0.6 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీలు, 20 మి.మీ. వెడల్పు. వాటికి బలం మందంతో రాదు, బిగుతుతో వస్తుంది. వేలితో మీటితే టంగుమనాలి. ఎదురెదురు రెక్కలు ఒకే గీతలో ఉండాలి. తప్పితే ప్రకాశమైన నక్షత్రానికి నాలుగు కిరణాల బదులు ఎనిమిది కనిపిస్తాయి.

పైపులు

పేరు గురించి ఒక మాట. 1935లో ఇంజినీరు మార్క్ సెరూరియర్ అమెరికాలోని పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోపు కోసం తయారుచేసిన డిజైన్‌లో ఇరుసుకు పైనా కిందా రెండు వైపులా త్రిభుజాలుంటాయి. రెండు చివరలూ సమానంగా, ఒకదానికొకటి సమాంతరంగా కుంగుతాయి కాబట్టి అద్దాల వరుస చెదరదు. మనం కట్టే డాబ్సోనియన్‌లో (చెక్క పీఠం మీద చేత్తో తోసి తిప్పే రకం) పై సగమే ఉంది, కింద గట్టి పెట్టె. అందుకని దీన్ని సెరూరియర్ ట్రస్ అనడం సరి కాదు. కుంగుబాటును సరితూచే ఏర్పాటు మన దగ్గర లేదు, కుంగకుండా ఉండడం ఒక్కటే దారి.

25.4 మి.మీ. బయటి వ్యాసం, 1.2 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం గొట్టం మీటరుకు 246 గ్రాములు. పెట్టె లోపలి మూలల్లో ఒక్కో గోడ మీద రెండు చొప్పున ఎనిమిది టేకు బ్లాకులు. ఒకే గోడ మీది రెండు పైపులు పైకి వెళ్లి వలయం మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. గోడ మధ్య నుంచి బ్లాకు 100 మి.మీ. పక్కకు. పైపు పైకొన దానికంటే 10 మి.మీ. బయటికి. పెట్టె పైఅంచు నుంచి కలిసే బిందువు దాకా పైపు వెంబడి 778.5 మి.మీ., బ్లాకులో దిగే 80 మి.మీ. అదనం. అంటే 859. మొదట 890కే కోశాం. 12 అడుగుల గొట్టంలో నాలుగు సరిపోతాయి, రెండు గొట్టాలతో పని పూర్తి.

బ్లాకులో వాలు బెజ్జం వేయడం కష్టం. బెజ్జం నిలువుగానే వేసి, బ్లాకునే 7.4 డిగ్రీలు వాల్చి బిగించడం తేలిక. పైపు పైకి వెళ్తూ కాస్త బయటికి వంగాలి కాబట్టి బ్లాకు అడుగున, గోడకూ దానికీ మధ్య 1 మి.మీ. సన్‌మైకా ముక్క ప్యాకింగ్. బెజ్జం నుంచి ఒక పక్కకు రంపంతో చీలిక, అడ్డంగా ఎం8 బోల్టు. బోల్టు బిగిస్తే చెక్క మూసుకుని పైపును చుట్టూ పట్టుకుంటుంది. పక్క నుంచి నేరుగా స్క్రూ గుచ్చి పట్టే ఏర్పాటు అల్యూమినియాన్ని సొట్టబెడుతుంది, మరుసటి రాత్రి అదే సొట్టలోకి జారి వేరే కొలత చూపిస్తుంది.

పైకొనల్లో 40 మి.మీ. లోతు టేకు బిరడాలు, అరాల్డైట్‌తో. గొట్టం లోపల గరుకు కాగితంతో గీరకపోతే జిగురు పొరలా ఊడి వస్తుంది. బిరడా గాడిలో 3 మి.మీ. అల్యూమినియం నాలుక. రెండు నాలుకలు ఒకే ఎం6 బోల్టు మీద పక్కపక్కన. రెండు పైపుల అక్షాలూ ఆ బోల్టు దగ్గరే కలవాలి, పైపులు పది మిల్లీమీటర్ల ఎడంగా వేర్వేరు బోల్టులకు తగిలితే భారం పైపు వెంబడి పోదు, వలయాన్ని మెలిపెడుతుంది. ఎం6 బోల్టుకు 6.5 డ్రిల్ వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. 6 మి.మీ. బెజ్జం వేసి, బోల్టు మర లేని భాగం అందులో కూర్చునేలా చూడాలి. ట్రస్ వణికితే జనం గొట్టాన్ని లావు చేస్తారు. వణుకు ఎక్కువగా ఉండేది కీళ్లలో.

వేడికి అల్యూమినియం పెరుగుతుంది కదా అన్న అనుమానం తరచూ వస్తుంది. 15 డిగ్రీల తేడాకు ఈ పైపు 0.27 మి.మీ. మారుతుంది. ఎనిమిదీ ఒకేలా మారతాయి కాబట్టి అద్దాల వరుసకు హాని లేదు. ఫోకస్ మాత్రం కదులుతుంది. ఎఫ్/5 దగ్గర ఫోకస్ లోతు అటూ ఇటూ 0.03 మి.మీ. లోపే. సాయంత్రం పెట్టిన ఫోకస్ అర్ధరాత్రికి సరిపోకపోతే కారణాల్లో ఇదొకటి.

బేరింగులు, రాకర్

ఎత్తు బేరింగుల వ్యాసార్థం 230 మి.మీ. ఇంత పెద్దవి ఎందుకంటే, టెఫ్లాన్ మీద ఘర్షణ బలం వ్యాసార్థంతో గుణించుకుని గొట్టాన్ని (పెట్టె, పైపులు, పై చట్రం కలిసిన మొత్తాన్ని) నిలబెడుతుంది. ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే, 14 కిలోల గొట్టం అడ్డంగా వాలినప్పుడు ఐపీస్ దగ్గర దాదాపు 490 గ్రాముల అసమతూకం దాకా ఆగుతుంది. అదే 75 మి.మీ. వ్యాసార్థం అయితే 160 గ్రాములే. ఐపీస్ మార్చగానే ముక్కు దించేసే టెలిస్కోపులన్నీ చిన్న బేరింగులవే. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశంలో అగస్త్య నక్షత్రం ఎంత పైకెక్కినా 20 డిగ్రీల ఎత్తు, ఒమేగా సెంటారీ గుచ్ఛం 25. మనకు దక్షిణాకాశమే సంపద కాబట్టి గొట్టం ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. తూకం లోపం బయటపడేది అప్పుడే.

టెఫ్లాన్ ముక్కలు 6 మి.మీ. మందం, ఇంజినీరింగ్ ప్లాస్టిక్ దుకాణాల్లో తూకానికి దొరుకుతాయి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వచ్చేలా కోయాలి. కింది వైపు మధ్య గీతకు 35 డిగ్రీల చొప్పున అటూ ఇటూ, మొత్తం నాలుగు. ఒక్కోదాని మీద 4.3 కిలోలు. అందుకే 20 × 20 మి.మీ. ముక్కలు. టెఫ్లాన్‌ను జిగురు పట్టదు. రెండు చిన్న స్క్రూలు, తలలు లోతుగా దిగేలా.

టెఫ్లాన్ మీద జారేలా బేరింగుకు అంటించే సన్‌మైకా ఎంపికే అసలు మెలిక. అద్దంలా మెరిసే రకం టెఫ్లాన్‌ను అంటిపెట్టుకుంటుంది. తోస్తే కదలదు, కదిలితే ఎగిరి నక్షత్రాన్ని దాటిపోతుంది. సన్నని గింజలున్న గరుకు రకం కావాలి. దుకాణంలో నమూనా ముక్కలు అడిగి తెచ్చి పరీక్షించడం మేలు: 60 సెం.మీ. పలక మీద నమూనా అంటించి, టెఫ్లాన్ ముక్క మీద తగిన బరువు పెట్టి, ఒక చివర మెల్లగా లేపాలి. 6 సెం.మీ. ఎత్తు దగ్గర జారితే గుణకం 0.1. 12 సెం.మీ. దాకా జారకపోతే ఆ రకం పక్కన పెట్టాలి. జారడం ఎలా మొదలైందో కూడా చూడాలి. మెల్లగా పాకితే మంచిది, చటుక్కున దూకితే కాదు.

పెట్టె కింది మూలలు బేరింగు కేంద్రం నుంచి 364 మి.మీ. దూరంలో తిరుగుతాయి. టెఫ్లాన్ ముక్కలు కేంద్రానికి 188 మి.మీ. కింద. 12 మి.మీ. సందు కలుపుకుంటే టెఫ్లాన్ నుంచి రాకర్ నేలకు 188 మి.మీ. లోతు ఉండాలి. కొలిమేషన్ (అద్దాల వరుస సరిచేసే) గుబ్బలు పెట్టె అడుగున 25 మి.మీ. బయటికి పొడుచుకొచ్చినా అవి మధ్యకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి 351 మి.మీ. దగ్గరే తిరుగుతాయి, తగలవు. రాకర్ నేల రెండు పొరల ప్లై. ఇక్కడ పొదుపు చేస్తే మొత్తం టెలిస్కోపు ఊగుతుంది.

టెలిస్కోపును పక్కలకు తిప్పే దిశ బేరింగుకు మూడు టెఫ్లాన్ ముక్కలు, 25 × 25, కేంద్రం నుంచి 190 మి.మీ. నేల పలక కాళ్లకు సరిగ్గా పైన. కాళ్లు ఒకచోట, టెఫ్లాన్ ఇంకోచోట ఉంటే నేల పలక తక్కెడ దండెలా వంగుతుంది. 19.5 కిలోల భారానికి ఇక్కడి ఘర్షణ ఎత్తు బేరింగుతో దాదాపు సమానం. ఆ సమానత కోసమే 190 ఎంచుకున్నది. ఒక దిశ తేలిగ్గా, ఇంకో దిశ బరువుగా ఉంటే నక్షత్రాన్ని వాలుగా వెంబడించేటప్పుడు గొట్టం మెట్లుమెట్లుగా కదులుతుంది.

నడినెత్తిన మాత్రం డాబ్సోనియన్ అంతా మొరాయించేదే. తోసే చేయి పొడవు కుంచించుకుపోయి 80 డిగ్రీల ఎత్తులో ఐపీస్ దగ్గర రెండున్నర కిలోల బలం కావాలి. రోహిణి, స్వాతి మన నెత్తి మీదుగానే పోతాయి. వాటిని కాసేపు ముందో వెనకో పట్టుకోవడమే మార్గం.

కూర్పు, తుది కోత

తొలిసారి నిలబెట్టినప్పుడు పైపులు పొడుగే. 31 మి.మీ. అదనం అలాగే ఉంచితే ఫోకస్ తలం ఫోకసర్ లోపలే పడిపోతుంది, ఏ ఐపీసూ అందుకోలేదు. చీలిక బ్లాకుల ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది: పెట్టె లోపల బ్లాకు కింద ఖాళీ ఉంది కాబట్టి పైపులను దించుకుంటూ పోవచ్చు. చంద్రుడి మీద గురిపెట్టి, మన దగ్గరున్న ఐపీసుల్లో అన్నిటికంటే లోపలికి వెళ్లాల్సినదాన్ని పెట్టి, ఎనిమిదింటినీ సమంగా దించి, ఫోకసర్ చివరి నుంచి 5 మి.మీ. బయట బింబం తేటపడే చోట గుర్తు. గుర్తు 862 దగ్గర వచ్చింది, లెక్క 859. ఎనిమిదింటినీ కట్టగట్టి ఒకే బిగింపులో కోయించాం. పైపుల మధ్య పొడవు తేడా 0.5 మి.మీ. లోపు ఉండాలి. తేడా ఎక్కువైతే పై చట్రం వాలుతుంది, ఆ వాలును కొలిమేషన్ బోల్టులు మింగేస్తాయి, కానీ రోజూ ఏ పైపు ఏ బ్లాకులోదో తప్పక చూసుకోవాల్సి వస్తుంది. మొత్తానికి నంబర్లు వేయడం ఎలాగూ మంచిదే.

వంపు పరీక్ష

లేజర్ కొలిమేటర్ ఫోకసర్‌లో పెట్టి, గొట్టాన్ని 80 డిగ్రీల దగ్గర సర్దుబాటు చేసి, 20 డిగ్రీలకు దించి, పెద్ద అద్దం మధ్య గుర్తు మీద చుక్క ఎంత జరిగిందో చూడాలి. బోల్టులు చేతిబిగువుతో ఉన్నప్పుడు 4 మి.మీ. జరిగింది. కీళ్లు ఒక్కొక్కటే వేలితో పట్టుకుని చట్రాన్ని ఊపితే ఎక్కడ ఆడుతోందో వేలికే తెలుస్తుంది. రెండు పైకీళ్లకు పళ్ల వాషర్లు వేశాక 1 మి.మీ. లోపుకు వచ్చింది. లేజరును దాని గొట్టంలోనే తిప్పి చూడకుండా ఈ పరీక్ష చేస్తే అర్థం లేదు. లేజర్ చుక్కే వృత్తం గీస్తుంటే దాని లోపాన్ని ట్రస్ మీద వేసినట్టవుతుంది.

వణుకు సంగతి: 200 రెట్లు పెద్దది చేసి, పై చట్రాన్ని వేలితో తట్టితే రెండు సెకన్లలోపు బింబం నిలుస్తోంది. నేల పలక కాళ్ల కింద రబ్బరు బిళ్లలు తీసేసి గట్టి చెక్క కాళ్లు పెట్టాక ఇంకా మెరుగైంది.

నక్షత్ర పరీక్ష

అద్దం చల్లబడకముందు ఏ తీర్పూ ఇవ్వకూడదు. పీఠం వెనుక 80 మి.మీ. కంప్యూటర్ ఫ్యాను, 12 వోల్టుల బ్యాటరీ మీద, గాలి అద్దం వెనుకకు తగిలేలా. వేసవిలో డాబా కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటుంది, బింబం ఉడుకుతున్నట్టు కనిపిస్తే తప్పు అద్దానిది కాకపోవచ్చు. మట్టినేల, గడ్డి మేలు.

6 మి.మీ. ఐపీస్‌తో 210 రెట్లు. ఫోకస్‌కు లోపల, బయట నక్షత్రాన్ని చెదరగొట్టి చూస్తే వలయాలు గుండ్రంగా ఉండాలి. లోపల ఒకవైపు కోలగా, బయట దానికి అడ్డంగా కోలగా కనిపిస్తే అది ఆస్టిగ్మాటిజం. ఎవరిదో తేల్చడానికి వరుస ఉంది: తల తిప్పితే కోల కూడా తిరిగితే కన్ను, ఐపీస్ తిప్పితే తిరిగితే ఐపీస్, పెద్ద అద్దాన్ని పీఠంలో 90 డిగ్రీలు తిప్పితే తిరిగితే గాజు. ఏదీ కాకపోతే పీఠమో, అంచు ఆసరానో, సెకండరీని ఎక్కువ బిగించిన పట్టో. మా వలయాల్లో కొద్దిపాటి కోల అంచు బేరింగు ఒకటి అద్దాన్ని నొక్కడం వల్ల వచ్చింది. అది సడలించగానే పోయింది. సింహరాశిలో అల్జీబా జంట నక్షత్రాలు నాలుగున్నర వికలల (వికల అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడంతో శుభ్రంగా విడిపోయాయి. ఈ వ్యాసానికి సిద్ధాంతపు హద్దు అర వికల, కానీ ఆ హద్దును నగరం మీది గాలి అరుదుగానే ఇస్తుంది.

మిగిలిన పనులు

వీధిదీపాల వెలుగు పైపుల మధ్య నుంచి నేరుగా ఐపీస్‌లోకి రాకుండా నల్ల లైక్రా ముసుగు కుట్టించాలి. సాగే గుడ్డే కావాలి, వదులు గుడ్డ గాలికి లోపలికి వాలి కాంతి దారిలో పడుతుంది. పైపులకూ కాంతికీ మధ్య సందు పైభాగంలో 2 మి.మీ. మాత్రమే కాబట్టి ముసుగు పైపుల బయటే ఉండాలి.

పగలు పెట్టెకు చెక్కమూత తప్పనిసరి. విప్పి ఉన్న ట్రస్ మీద ఎండ పడితే అద్దం ఆ వేడిని ముసుగు మీదో, పక్కనున్న కర్టెన్ మీదో చేరుస్తుంది.

శీతాకాలం మంచు మొదట పట్టేది సెకండరీకే, అది ఆకాశానికి దగ్గరగా, సన్నగా ఉంటుంది కాబట్టి. వెనుక ఒక వాట్ వేడినిచ్చే రెసిస్టర్లు అంటించి, తీగ ఒక రెక్క అంచు వెంబడి తేవాలి. విశాఖ, కాకినాడ వైపు తీసుకెళ్తే ఉప్పుగాలికి పూత మచ్చలు పడుతుంది, పని కాగానే మూత వేసి సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి.

రెసిస్టర్లు, తీగ, ముసుగు, బరువైన వైడ్ ఐపీస్ కలిపి పైన ఇంకో 450 గ్రాములు చేరబోతున్నాయి. ఘర్షణ హద్దు 490 కాబట్టి దిగంతం దగ్గర అంచుమీద నిలబడుతుంది. పెట్టె అడుగున వెనుక పట్టీకి 600 గ్రాముల ఇనుప పలక బిగిస్తే పైన 214 గ్రాములు సరితూగుతాయి. పలక కోయించాం, బెజ్జాలు వేయాలి.